నూట నలభై మూడో పేజీ, పన్నెండో లైను

ఆమె గొడవంతా మొదట్నుంచీ దేవుడితోనే. మనుషులతో తగాదాలు తర్వాత వచ్చాయి. అవి కూడా చాలావరకు ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడేవాళ్లతోనే.

ప్రెస్సులో ఆమెని ఎర్రపెన్నక్క అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అక్కడ ప్రూఫులు దిద్దడం ఆమె పని. కోపం ముక్కు మీదే ఉంటుంది, దాని పైన కళ్లద్దాలు. రచయితలంటే ఆమెకి పెద్దగా గౌరవం లేదు. పుస్తకం అచ్చయ్యాక చదివేవాళ్లకి ఉంటుందేమో గానీ, అంతకుముందే చదివేవాళ్లకి ఎలా ఉంటుంది? ఒక మనిషిని పేజీ మొదట్లో చంపేసి, అదే పేజీ చివర భోజనానికి కూర్చోబెట్టిన మహానుభావుల్ని ఆమె ఎంతమందిని చూసిందో. వాళ్ల పరువు నిలబెట్టింది ఆ ఎర్రపెన్నే. ఒక్కడూ థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు.

అసలు తగాదా ఆమె తొమ్మిదో ఏట మొదలైంది. ఆసుపత్రి వసారాలో బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుకుంటూ, లోపల అమ్మ పురిటి నొప్పులు పడుతుంటే వింటోంది. పొద్దున మొదలైన నొప్పులు సాయంత్రానికి గానీ తెమల్లేదు. నర్సు గుడ్డలో చుట్టి తమ్ముణ్ని తెచ్చింది గానీ, ఎవరి చేతికీ వెంటనే ఇవ్వలేదు. పిల్లాడి కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి ఉన్నాయి. మోకాళ్లు వంగవు, మోచేతులు తిరగవు. ఎడమచేతి బొటనవేలొక్కటే కదులుతోంది.

మర్నాటి నుంచీ చుట్టాలు రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లందరూ కుర్చీలో కూర్చునేవారు, టీ తాగేవారు, గొంతు తగ్గించి ఒకే మాట అనేవారు. "దేనికైనా ఓ కారణం ఉంటుందమ్మా. మనకి తెలియదంతే."

మూడో రోజు పిన్ని కూడా ఆ మాటే అంటే, పక్కనే నిలబడ్డ ఈ పిల్ల అడిగింది. "ఏంటి పిన్నీ ఆ కారణం?"

పిన్ని ఆమెని దగ్గరికి తీసుకున్నట్టే తీసుకుని, ఎవరికీ కనపడకుండా తొడపాశం పెట్టింది. చర్మం మీది మచ్చ వారంలో పోయింది. కోపం పోలేదు. చుట్టాలు చేతులు దులుపుకుని వెళ్లిపోయారు, వాళ్లిచ్చిన మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. కారణం ఉంటుందన్నారు కాబట్టి అమ్మ దాన్ని వెతకడం మొదలుపెట్టింది. ఆరో నెలలో మెట్ల మీద కాలు జారింది, అదా? అత్తగారికి ఎదురు చెప్పింది, అదా? వద్దన్న మాత్ర వేసుకుంది, అదా? తమ్ముడికి చాకిరీ చెయ్యడం అమ్మని కుంగదీయలేదు. ఆ వెతుకులాటే పీల్చి పిప్పి చేసింది. పోయే ముందు వారం కూడా కూతురి చెయ్యి పట్టుకుని, "ఆ మెట్ల మీద నేను చెప్పులేసుకుని ఉండాల్సింది కాదే" అంది. ఇరవై మూడేళ్ల తర్వాత కూడా ఆ మెట్లే. కూతురు ఆ రోజు దేవుణ్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి లేదు.

తర్వాత ఇంట్లో ఇద్దరే మిగిలారు, అక్కా తమ్ముడూ. తమ్ముడికి చదువు ఆమే చెప్పింది. చెక్క స్టాండు మీద పుస్తకం పెడితే, ఆ ఒక్క బొటనవేలితో పేజీ తోసుకుంటాడు. పాత ఆఫీసు కుర్చీకి చక్రాలు బిగించి, నడుముకి బెల్టు పెట్టి, కిటికీ పక్కన అతనికో చోటు చేసింది. వచ్చినవాళ్లు గుమ్మంలోనే "పాపం" అనేవారు. అతనికి చెవులు లేవన్నట్టు అతని ముందే అనేవారు.

ఆ 'పాపం' ఎలా పోయిందో చెప్పాలంటే ప్రెస్సు పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ ప్రూఫులు ఒక్కరు చూడరు, ఇద్దరు చూస్తారు. ఒకరు రాతప్రతిని బిగ్గరగా చదువుతుంటే, రెండోవాళ్లు అచ్చుప్రతిలో చూస్తూ దిద్దుతారు. మాటలే కాదు, కామాలూ ఫుల్‌స్టాపులూ కొత్త పేరాలూ అన్నీ పైకి చదవాల్సిందే. ఆమెకి చదివిపెట్టే ముసలాయన పదమూడేళ్ల కిందట చూపు తగ్గి మానేశాడు. కొత్త మనిషి దొరికేదాకా అని ఆమె ప్రూఫులు ఇంటికి తెచ్చుకుని తమ్ముడి ముందు పెట్టింది. మొదటి పేజీ సగంలోనే ఆమె పెన్ను ఆపి అతని మొహం చూసింది. ఆ గొంతులో ఒక్క అక్షరం నలగలేదు, ఒక్క కామా జారలేదు. ఇక కొత్త మనిషిని ఎవరూ వెతకలేదు.

అప్పట్నుంచి ఇంటికొచ్చినవాళ్లు పాపం అనడం మానేసి "ఇప్పుడేం చదువుతున్నావ్?" అనడం మొదలుపెట్టారు. వంటల పుస్తకాలు, వ్యవసాయం, న్యాయశాస్త్రం, నాసిరకం నవలలు, అన్నీ అతని నోటి మీదుగా పోయాయి. మామూలు మాటల్లోకి కూడా పని వచ్చేసింది. "అక్కా కామా ఆకలేస్తోంది ఫుల్‌స్టాప్" అనేవాడు. ఆ పని అతని దగ్గర్నుంచి తీసేస్తే ఏం మిగులుతుందో ఆమెకి తెలుసు. కిటికీ, గోడ, పాపం.

ఆ పనికే ఎసరు పెట్టిన పుస్తకం వానాకాలం చివర్లో వచ్చింది. రాసినాయన రిటైరైన ప్రొఫెసర్. పేరు చివర డిగ్రీలు ఒక లైను నిండా ఉంటాయి. పుస్తకం పేరు 'మంచి దేవుడు, చెడ్డ లోకం'. మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి తత్త్వవేత్తలు పడ్డ తగువు అందులో విషయం. దేవుడు మంచివాడూ సర్వశక్తిమంతుడూ అయితే లోకంలో ఇంత చెడు ఎందుకుంది? పేరు చదవగానే తమ్ముడు నవ్వాడు.

"అక్కా, నీ కేసు కోర్టుకొచ్చింది."

"రానీ. ఇన్నాళ్లకి ఎవడో ఒకడు అడిగాడు కదా" అంది ఆమె. నిజానికి సంబరపడింది. ఎర్రపెన్నుకి కొత్త రీఫిల్ కూడా వేసింది.

ఆ సంబరం నాలుగు రోజులు నిలవలేదు. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి ఒంటిగంట దాకా చదివేవారు. మొదటి తత్త్వవేత్త ఏమన్నాడంటే, దేవుడు సృష్టికి ముందే వీలైన లోకాలన్నిటినీ మనసులో పరిచి చూసుకున్నాడట, వాటిలో అన్నిటికంటే మంచిదాన్ని ఎంచి దీన్ని చేశాడట. ఇందులో కనపడే చెడు తీసేస్తే మొత్తం ఇంతకంటే అధ్వాన్నమవుతుందట.

"ఇదా అన్నిటికంటే మంచిది?" ఆమె పెన్ను బల్ల మీద కొట్టింది. "మిగతావి ఎలా ఏడ్చాయో మరి!"

"చదవనీ అక్కా. ఆయన తెలివైనవాడే. దేవుడు బద్ధకంగా చేశాడనడం లేదు కదా, లెక్క చూసుకుని చేశాడంటున్నాడు."

"లెక్క చూసుకుని చేస్తే ఇంకా పెద్ద తప్పురా!"

రెండో తత్త్వవేత్త దారి వేరు. దేవుడు ఒక్కో సంగతీ పట్టించుకోడట. కొన్ని సరళమైన నియమాలు పెట్టి వాటి మానాన వాటిని నడవనిస్తాడట. వాన పొలం మీదా పడుతుంది, ఎవరికీ అక్కర్లేని సముద్రం మీదా పడుతుంది. సముద్రంలో పడాలని ఆయన ప్రత్యేకంగా కోరలేదు, వాన కురవాలని మాత్రమే కోరాడు. మూడో తత్త్వవేత్త మాత్రం వీళ్లిద్దరినీ ఒప్పుకోలేదు. లోకంలోని ఈ చెడుని సమర్థించడానికి మన బుద్ధికి చేతనైన వాదన ఒక్కటీ లేదు, నమ్మేవాళ్లు నమ్మండి, నిరూపించామని మాత్రం చెప్పకండి అన్నాడు. తమ్ముడికి ఈ మూడో ఆయన భలే నచ్చాడు. ప్రొఫెసర్ ఆయనకి అరపేజీ ఇచ్చి, "ఈ నిరాశావాదిని ఇక్కడే వదిలేద్దాం" అని ముగించాడు.

"అరపేజీయేనా!" అన్నాడు తమ్ముడు. "మొదటాయనకి ఎనభై పేజీలిచ్చి!"

అయిదో రోజు నూట నలభై మూడో పేజీ వచ్చింది. తమ్ముడు ఎప్పటిలాగే చదువుతున్నాడు.

"వంకర అవయవాలతో పుట్టే బిడ్డ సృష్టిలో దోషం కాదు ఫుల్‌స్టాప్. సరళమైన నియమాలకు ప్రకృతి చెల్లించే స్వల్ప మూల్యం ఫుల్‌స్టాప్. బొమ్మకు నీడ ఎలాగో కామా లోకానికి ఆ బిడ్డ అలాగ సెమికోలన్ మొత్తం మీద అదీ మేలే ఫుల్‌స్టాప్. దీనికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు ఫుల్‌స్టాప్. కొత్త పేరా."

గొంతు వణకలేదు. వేగం తగ్గలేదు. బొటనవేలు పేజీ అంచు మీద సిద్ధంగా ఉంది.

ఆమె మాత్రం ఆగిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎన్ని చెత్త వాక్యాలు చూసిందో, దేన్నీ సొంతానికి తీసుకోలేదు. ఇప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది. పిన్ని కుర్చీ, టీ గ్లాసు, తగ్గించిన గొంతు, అన్నీ వచ్చి ఆ వాక్యంలో కూర్చున్నాయి. ఈయన పిన్ని కంటే బాగా చదువుకున్నాడు, అంతే తేడా. అది కూడా తమ్ముడి నోటితోనే చదివించాడు, కామాలతో సహా. పెన్ను నొక్కిపెట్టి, పన్నెండో లైను పక్క మార్జిన్‌లో ఆమె రాసింది: ఎవరికి మేలు?

"ఏం రాశావ్?" అన్నాడు తమ్ముడు. అచ్చుప్రతి అతనికి కనపడదు గానీ, పెన్ను చప్పుడు తెలుసు. కామా దిద్దితే ఎంతసేపు పడుతుందో తెలుసు.

చెప్పింది.

తమ్ముడు పేజీ మీంచి బొటనవేలు తీశాడు. తర్వాత అన్న మాట ఆమె ఊహించలేదు.

"నా తరఫున నువ్వు అడక్కు అక్కా."

"నేనడక్కపోతే ఎవరడుగుతారు?"

"అమ్మ నా గురించి ఏడ్చింది. నువ్వు నా గురించి కోప్పడతావ్. ఇద్దరూ కలిసి నాకేం మిగిల్చారు? చదివింది నేను. ఆ లైన్లో ఉన్నది నేను. నువ్వెవరు మధ్యలో?"

"అక్కని!"

"అక్కవి. నాకు తెలీకేం. కానీ నన్ను చూసినప్పుడల్లా నీకు ఆయన మీద పళ్లు కొరకాలనిపిస్తే, నేను నీకు తమ్ముణ్నా, సాక్ష్యాన్నా?"

ఆమె కోపమొచ్చినప్పుడు చేసే పనే చేసింది. లేచి, వంటింట్లోకి వెళ్లి, గిన్నెలతో అవసరానికి మించి చప్పుడు చేసింది. ఆ పూట ఇద్దరూ ఎడమొహం పెడమొహంగానే తిన్నారు. తిన్నారంటే, ఆమె అతనికి తినిపించింది.

ఈ గొడవలో ఒక పని మిగిలిపోయింది. ప్రెస్సులో మార్జిన్‌కి ఒక కట్టుబాటు ఉంది. అచ్చులో చేరాల్సిన మాటలు ఉత్తిగా రాస్తారు. రచయితని అడగాల్సిన ప్రశ్న రాస్తే దాని చుట్టూ సున్నా చుడతారు. సున్నాలో ఉన్నది రచయితకి, సున్నా లేనిది అచ్చుకి. కంపోజింగ్ చేసే అమ్మాయి మెరుపులా టైపు చేస్తుంది గానీ, అక్షరాలు చూస్తుంది తప్ప మాటలు చూడదు. సున్నా ఉంటే వదిలేస్తుంది, లేకపోతే ఎక్కించేస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎర్రపెన్నక్క సున్నా చుట్టడం మర్చిపోలేదు. ఆ రోజు మర్చిపోయింది.

మర్చిపోయిందనే అనుకుందాం.

రెండో ప్రూఫు పెద్దగా ఏమీ లేకుండా పోయింది. అందులో దిద్దిన చోట్లు తప్ప చూడరు, ఆ పేజీలో దిద్దిందేమీ లేదనుకుని ఆమె తిప్పేసింది. చివరి ప్రూఫుకి మాత్రం పద్ధతి తారుమారు. అప్పుడు అచ్చుప్రతిని తమ్ముడు చదువుతాడు, రాతప్రతిలో ఆమె చూసుకుంటుంది. నూట నలభై మూడో పేజీ వచ్చింది.

"మొత్తం మీద అదీ మేలే ఫుల్‌స్టాప్" అని చదివి, తమ్ముడు ఊపిరి తీసుకున్నంతసేపు ఆగాడు. తర్వాత స్పష్టంగా, ఎప్పటి కంటే కొంచెం గట్టిగానే చదివాడు. "ఎవరికి మేలు ప్రశ్నార్థకం. దీనికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు ఫుల్‌స్టాప్."

రాతప్రతిలో ఆ ప్రశ్న లేదు. ఆమెకి సున్నా సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి చాచి, అచ్చుప్రతిలో ఆ రెండు ముక్కల మీదికి పెన్ను తెచ్చింది. ఒక్క గీత చాలు.

"కొత్త పేరా" అన్నాడు తమ్ముడు. బొటనవేలు పేజీ మీద నుంచి తియ్యలేదు.

ఆమె అతని మొహం చూసింది. అతను ఆమెని చూడలేదు, అచ్చునే చూస్తున్నాడు. మొన్న తన తరఫున అడగొద్దన్నవాడు ఇవాళ తన నోటితోనే అడిగాడు. ఆమె పెన్నుకి క్యాప్ పెట్టేసింది. అతను పేజీ తోశాడు. ఆ విషయం ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

ఆ ప్రూఫు ప్రొఫెసర్ దగ్గరికి కూడా వెళ్లింది. రచయిత ప్రతి పేజీ చదివి కింద సంతకం పెట్టి పంపాలి, అది నియమం. మర్నాడే వచ్చేసింది, మూడు వందల పది పేజీల కిందా సంతకాలతో. నూట నలభై మూడో పేజీ కింద కూడా ఉంది, పొడుగాటి తోకతో.

పుస్తకం ఆవిష్కరణ ఒక కాలేజీ హాల్లో జరిగింది. ఆమె వెనక వరసలో కూర్చుంది. వక్తల్లో ఒకాయన, పుస్తకమంతటికీ తలమానికమైన పేరా చదువుతానంటూ సరిగ్గా ఆ పేజీనే తెరిచాడు. గొంతు సవరించుకుని చదువుకుంటూ వచ్చి, "మొత్తం మీద అదీ మేలే. ఎవరికి మేలు?" అన్నాడు. ఆయనే ఉలిక్కిపడి ఆగాడు. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత చాలామంది కొట్టారు. "చూశారా!" అన్నాడు వక్త తేరుకుని. "మూడు వందల పేజీలు దేవుడి పక్షాన వాదిస్తూ, మధ్యలో నిర్భయంగా తన వాదననే నిలదీశారు మన ప్రొఫెసర్ గారు. ఈ ఒక్క ప్రశ్న కోసం పుస్తకం చదవచ్చు." వేదిక మీద ప్రొఫెసర్ మొహం కందగడ్డయింది. తిడితే భరించేవాడేమో. ఆ రోజు ఆయనకి దక్కిన మెప్పంతా ఆయన రాయని ముక్కకే.

మర్నాడు పదకొండింటికి ప్రెస్సు యజమానిని వెంటేసుకుని ప్రొఫెసర్ నేరుగా వీళ్లింటికే వచ్చాడు. యజమాని ఆమె కంటే చిన్నవాడు, వాళ్ల నాన్న కాలం నుంచీ ఆమెని అక్కా అనే పిలుస్తాడు. ఆ పూట ఆయన మొహం చూస్తే ఎవరూ తమ్ముడనుకోరు. ప్రొఫెసర్ గుమ్మం లోపలికి వస్తూనే పుస్తకం బల్ల మీద పడేశాడు.

"ఎవరు చేశారిది? నా పుస్తకంలో చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికొచ్చింది?"

"నేనే సార్" అంది ఆమె. "మార్జిన్‌లో రాసి సున్నా చుట్టడం మర్చిపోయాను. నాది పొరపాటు. మా తమ్ముడికి సంబంధం లేదు. అతను చదువుతాడంతే."

ఎందుకలా అందో యజమానికి అర్థమైంది. పోతే ఆమె పని పోవాలి, అతని పని ఉండాలి. యజమాని తల దించుకున్నాడు. ప్రొఫెసర్ అప్పుడు కిటికీ వైపు తిరిగాడు. చక్రాల కుర్చీ, బెల్టు, బిగుసుకుపోయిన చేతులు, స్టాండు మీద ఎవరిదో రాతప్రతి.

"మర్చిపోవడం కాదు సార్" అన్నాడు తమ్ముడు. "రాసింది అక్క. కానీ చివరి ప్రూఫు చదివింది నేను. ఆ లైను పైకి చదివాను. అది మీది కాదని తెలుసు. అక్క కొట్టెయ్యబోతే ఆగకుండా ముందుకెళ్లాను."

"ఒరే, నువ్వూరుకో!"

"ఊరుకోను. ఈ ముక్క నాది."

ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు. ఈసారి గొంతు తగ్గింది. ఆమెకి ఆ తగ్గించిన గొంతు బాగా తెలుసు, నలభై ఏళ్లుగా తెలుసు. "చూడు బాబూ. నేను నిన్ను దృష్టిలో పెట్టుకుని రాయలేదు."

"తెలుసు సార్. ఎవర్ని పెట్టుకుని రాశారు?"

ప్రొఫెసర్ దీనికి సిద్ధంగా లేడు. "అది నా అభిప్రాయం కాదు. మూడు వందల ఏళ్ల నాటి వాదన. నేను వివరించానంతే."

"వాదన వాళ్లది సార్. 'దీనికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు' అన్నది మీది. రాతప్రతిలో మీరు ఆ వాక్యం మళ్లీ ప్రత్యేకంగా ఇరికించారు, వేరే ఇంకుతో. నేనే చదివాను."

"ఇది తత్త్వశాస్త్రం. ఒక్కొక్కరి బాధ పట్టుకుని కూర్చుంటే మొత్తం కనపడదు. మీలాంటివాళ్లు దీన్ని మనసుకి తీసుకుంటారు, అందుకే..."

"మాలాంటివాళ్లంటే?" ఆమె ఒంటికాలి మీద లేచింది. "ప్రూఫులు దిద్దేవాళ్లా, వంకర అవయవాలవాళ్లా?"

"అక్కా" అన్నాడు తమ్ముడు. ఆమె ఆగింది. అతను ప్రొఫెసర్ వైపే చూస్తూ అన్నాడు. "ఒక్కటి సార్. దేవుడు లోకాలన్నీ చూసుకుని, ఏరి, ఒకటి చేశాడని మీరు ఎనభై పేజీలు రాశారు. మీరు మూడు వందల పేజీలు కూడా చూసుకోకుండా సంతకాలు పెట్టేశారు. నూట నలభై మూడో పేజీ కిందా ఉంది మీ సంతకం. ఆయనా ఇలాగే చేసుంటే? అలా అయితే నాకేం కోపం లేదు. చూసుకోలేదు, పొరపాటైంది అంటే అర్థం చేసుకుంటాను. చూసే చేశాడంటారు చూడండి, అక్కడ వస్తుంది నాకు తంటా."

ప్రొఫెసర్ ఎర్రబడి, తెల్లబడి, మళ్లీ ఎర్రబడ్డాడు. క్షమించమంటాడేమోనని ఆమె ఒక్క క్షణం అనుకుంది. అంత మంచి కథ కాదిది.

"ప్రతి కాపీలో తప్పొప్పుల చీటీ అంటించాలి" అన్నాడు ప్రొఫెసర్ యజమానితో. అక్కా తమ్ముడూ గదిలో లేనట్టే మాట్లాడాడు. "అట్ట తియ్యగానే కనపడాలి. ఇకమీదట నావి గానీ, నా స్నేహితులవి గానీ, ఒక్క పుస్తకం మీ ప్రెస్సుకి రావాలంటే వీళ్లిద్దరూ అందులో ఉండకూడదు." పుస్తకం కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోయాడు.

యజమాని వెనకే వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "యూనివర్సిటీ అచ్చు పనులన్నీ ఇప్పటికీ ఆయన చేతిలోనే ఉన్నాయక్కా. నేనేం చెయ్యను? చీటీ ఒక్కటి చూసి పంపండి. తర్వాత సంగతి... చూద్దాం."

ఆ చూద్దాంకి అర్థం ఇద్దరికీ తెలుసు. ఆయన వెళ్లాక ఆమె కూలబడి ఏడ్చింది. అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. "నేను ఒప్పుకుని పోయేదాన్ని కదరా. నీ పని నిలిచేది. ఎందుకు నోరిప్పావ్?"

"పని కోసం నోరు మూసుకుంటే, చదవడానికి ఇంకేం నోరక్కా?" అన్నాడు తమ్ముడు. అతని కళ్లూ తడిగానే ఉన్నాయి. తుడుచుకోలేడు కాబట్టి ఆమే లేచి తుడిచింది. విసురుగానే తుడిచింది.

రెండు రోజులకి చీటీ ప్రూఫు వచ్చింది. ప్రొఫెసర్ స్వయంగా రాసిచ్చాడట. అరచేతంత కాగితం, నాలుగు గళ్లు. పేజీ, లైను, తప్పు, ఒప్పు. తమ్ముడు స్టాండు మీద పెట్టించుకుని చదివాడు.

"పేజీ నూట నలభై మూడు. లైను పన్నెండు. తప్పు కోలన్ ఎవరికి మేలు ప్రశ్నార్థకం. ఒప్పు కోలన్..." ఆగాడు. "ఖాళీ."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నూట నలభై మూడో పేజీ దాకా ఓపిగ్గా వెళ్లేవాళ్లు ఎంతమంది? ఇప్పుడు అట్ట తియ్యగానే, అంకితం కంటే ముందు, అయిదు వందల కాపీల్లోనూ మొదట కనపడేది ఆ ప్రశ్నే. ప్రొఫెసర్‌కి ఆ ఊహే తట్టలేదు. తట్టించాల్సిన బాధ్యత తనదా అని ఆమె ఆలోచించింది. ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు ఊరుకోనివ్వలేదు. ఏ గడి ఖాళీగా ఉన్నా రచయితని అడగాలి, అది నియమం. మార్జిన్‌లో ఎర్రపెన్నుతో నీటుగా రాసింది: 'ఒప్పు గడి ఖాళీగా ఉంది. ఎవరికి మేలు అన్నచోట ఏం వెయ్యాలో రచయిత దయచేసి చెప్పాలి.' ఈసారి చుట్టూ సున్నా చుట్టింది, గుండ్రంగా, రెండుసార్లు.

"పంపేది నీ తరఫునా, నా తరఫునా?" అన్నాడు తమ్ముడు.

"ఇద్దరి తరఫునా. నీకేమైనా అభ్యంతరమా?"

"లేదు ఫుల్‌స్టాప్."

ఆమే ప్రెస్సుకి పట్టుకెళ్లి ఇచ్చింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వెళ్లి తెచ్చింది. సున్నా పక్కన ప్రొఫెసర్ చేతిరాత ఉంది. ఈసారి చదివే సంతకం పెట్టాడు. ఆమె దారిలో చదవలేదు. చదవడం తన పని కాదు, తమ్ముడిది. ఇంటికొచ్చి, కాగితం స్టాండు మీద నిలబెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, పెన్ను క్యాప్ తీసి ఎదురుగా కూర్చుంది.

తమ్ముడు ఊపిరి తీసుకున్నాడు. ప్రెస్సు కోసం అతను చదివిన ఆఖరి లైను అదే. ఒక్క అక్షరం నలగకుండా, పద్ధతి ప్రకారం అంతా చదివాడు.

"ప్రశ్న కోలన్ ఒప్పు గడి ఖాళీగా ఉంది ఫుల్‌స్టాప్. ఎవరికి మేలు అన్నచోట ఏం వెయ్యాలో రచయిత దయచేసి చెప్పాలి ఫుల్‌స్టాప్. జవాబు కోలన్ ఏమీ లేదు ఫుల్‌స్టాప్. సంతకం."

"సరిగ్గా అదే ఉందా?"

"సరిగ్గా అదే ఉంది."

ఆమె చీటీ కింద 'చూశాం, అచ్చుకి పంపవచ్చు' అని రాసి, ఇద్దరి పేర్లూ పెట్టింది. ముందు తమ్ముడిది.